ఇంగ్లండ్‌లో పాత చర్చిలో మధ్యాహ్నం వయొలిన్–పియానో కచేరీ: మా అమ్మాయి ఏం వాయించాలి, మేమేం చూసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ అమ్మాయికి పదిహేడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది, గ్రేడ్ 8 (ఇక్కడి గ్రేడ్ సంగీత పరీక్షల్లో అన్నిటికంటే పైది) అయింది. మీ ఊళ్ళో పాత రాతి చర్చివాళ్ళు ఫిబ్రవరిలో ఒక బుధవారం ఒంటిగంటకు నలభై నిమిషాల కచేరీకి పిలిచారు. పియానో మీద స్కూల్లో సీనియర్ అబ్బాయి. పాప ఫ్రాంక్ అనే స్వరకర్త రాసిన సొనాటా (నాలుగు భాగాల పెద్ద రచన) మొత్తం వాయిస్తానంటోంది, దాని తర్వాత రెండు చిన్న పీసులు. ఇది సరైన ఎంపికేనా, ఎలా సిద్ధం కావాలి, రాజమండ్రి నుంచి వచ్చిన మీ అత్తగారిని చర్చికి తీసుకెళ్తే ఏమైనా పద్ధతులు పాటించాలా, పాపకు పట్టు లంగావోణీ వేయాలని ఆవిడ కోరిక, వేయొచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫ్రాంక్ ఈసారికి పక్కన పెట్టండి. మొత్తం 34 నిమిషాలకు మించకుండా సంగీతం పెట్టుకోండి. ఏ పీసులన్నది ఖాయం చేసే ముందు ఒకసారి ఆ చర్చికి వెళ్ళి, మధ్యలో నిలబడి, గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టి వినండి. మిగతాదంతా ఆ చప్పట్టు చెప్పేదాన్ని బట్టే ఉంటుంది.

నేను పియానో వాయిస్తాను. గుంటూరులో మా చర్చిలో ఆదివారాలు హార్మోనియం వాయిస్తూ మొదలుపెట్టాను. ఇంగ్లండ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక్కడ నా పని ఎక్కువగా వయొలిన్ వాళ్ళ పక్కన కూర్చుని వాయించడమే, అందులో చాలా భాగం ఇలాంటి మధ్యాహ్నం కచేరీలే. మీ పాప లాంటి పిల్లలతో ఏటా నాలుగైదు చేస్తాను. కాబట్టి కింద చెప్పేదంతా నేను చేసి చూసింది.

ఫ్రాంక్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. లేకపోతే పాప ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. గడియారం లెక్కన చూస్తే అది దాదాపు సరిపోతుంది. సొనాటా 28 నిమిషాలు, చిన్నవి రెండూ ఓ ఎనిమిది. ఇబ్బంది గదితో వస్తుంది. రాతి గోడలు, ఎత్తైన కప్పు, కార్పెట్ లేని నేల ఉన్న చర్చిలో ఒక స్వరం వాయించి ఆపితే అది పూర్తిగా అణిగిపోవడానికి మూడు సెకన్లు పట్టడం మామూలే. లండన్ సెయింట్ పాల్స్ లాంటి కథీడ్రల్‌లో అయితే ఇంకా ఎన్నో రెట్లు. ఇప్పుడు ఫ్రాంక్ రెండో భాగం తీసుకోండి. పియానో కింది స్థాయిలో, సుడిలా తిరిగే స్వరాలతో మొదలవుతుంది. సెకనుకు ఆరేడు స్వరాలు అనుకున్నా, మూడు సెకన్ల మోత ఉన్న గదిలో ఏ క్షణం చూసినా ఇరవై స్వరాల తోకలు గాల్లో వేలాడుతుంటాయి. పైగా రాతి గదుల్లో కింది స్వరాలు పై స్వరాలకంటే ఎక్కువసేపు నిలుస్తాయి. ఆ మోత మధ్యలోకి మీ అమ్మాయి జి తీగ (వయొలిన్ తీగల్లో అన్నిటికంటే కింది స్వరం పలికేది) మీద రాగం ఎత్తుకుంటుంది. రెండో బెంచీ దాటితే అది ఎవరికీ వినపడదు.

ఇది నాకు జరిగింది. చాలా ఏళ్ళ కిందట ఒక చిన్న ఊరి చర్చిలో, మంచి వయొలినిస్టు పక్కన. ఇంట్లో ఎంత వేగంతో సాధన చేశామో అదే వేగంతో మొదలుపెట్టాను. పది బార్లు (నోట్సులో నిలువు గీతల మధ్య ఉండే గళ్ళు) దాటేసరికి నా ఎడమచేతి స్వరాలు నాకే విడివిడిగా వినపడటం మానేశాయి. వినపడటం లేదని ఇంకా గట్టిగా వాయించాను, పెడల్ (స్వరాన్ని నిలిపి ఉంచే కాలిమెట్టు) ఇంకా తొక్కాను. ఆ అమ్మాయి నన్ను అందుకోవాలని కమాను మీద బలం పెట్టింది, స్వరం గీరుకుపోయింది. కచేరీ అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, చాలా మర్యాదగా, మొదటి భాగం ఎంతో బాగుందన్నాడు. మిగతా మూడు భాగాల గురించి ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు నుంచి గదిని మూడో వాద్యంలా లెక్కలోకి తీసుకోకుండా నేను ఏ చర్చిలోనూ కూర్చోలేదు.

ఇంకొక మాట. ఆ సొనాటా 1886లో ఫ్రాంక్ తన స్నేహితుడు, మహా వయొలినిస్టు యూజెన్ ఇసాయీకి పెళ్ళి కానుకగా రాసింది. పేరుకు వయొలిన్ సొనాటా గానీ పియానో వంతే ఎక్కువ కష్టం. చేయి పెద్దగా సాగాలి. స్కూలు పిల్లాడికి అది మోయలేని బరువు అవుతుంది. అతను ఎంత బాగా వాయించినా, తన కష్టంలో పడి మీ పాపను వినలేడు. కాలేజీకి వెళ్ళాక, మంచి పియానిస్టు దొరికాక, పొడిగా పలికే హాల్లో వాయించమనండి. అప్పుడు ఆ సంగీతానికి తను న్యాయం చేస్తుంది.

మరి ఏం వాయించాలి? నేను మీ స్థానంలో ఉంటే ఈ వరసలో పెడతాను:

క్రైస్లర్ – ప్రెలూడియం అండ్ అలెగ్రో (సుమారు 6 నిమిషాలు). మోత్సార్ట్ – ఇ మైనర్ సొనాటా, కె. 304 (13). ఆర్వో పెర్త్ – ష్పీగెల్ ఇమ్ ష్పీగెల్ (9). బార్టోక్ – రుమేనియన్ జానపద నృత్యాలు (6). మొత్తం 34. మధ్యలో చప్పట్లు, రెండు మాటల పరిచయం, శ్రుతి సరిచూసుకోవడం కలిపితే 40.

ఈ వరసకు కారణాలున్నాయి. క్రైస్లర్ పీసు మొదట్లో వయొలిన్ పెద్ద పెద్ద అంగలతో, ఒక్కొక్క స్వరం విడిగా, నిండుగా మోగిస్తుంది. ఆ మొదటి అర నిమిషంలో పాప గదిని కొలుచుకోవచ్చు. స్వరం వెనక్కి ఎలా తిరిగొస్తోంది, ఎంతసేపు నిలుస్తోంది, జనం కోట్లు, శాలువాలు ఎంత మింగేస్తున్నాయి అన్నది చెవికి పట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చే వేగమైన భాగం నడక అప్పుడే తేల్చుకుంటుంది. (ఈ పీసును క్రైస్లర్ పాతకాలపు స్వరకర్త పున్యాని రాశాడని చెప్పి చాలా ఏళ్ళు వాయించాడు. 1935లో తనదేనని ఒప్పుకున్నాడు. పాప జనానికి ఒక మాట చెప్పాలంటే ఈ కథ చెప్పొచ్చు, అందరూ ఇష్టంగా వింటారు.)

మోత్సార్ట్‌ను మొదట పెట్టమని చాలామంది టీచర్లు చెప్తారు. నేను ఒప్పుకోను. ఆ సొనాటా ఎలా మొదలవుతుందో చూడండి: వయొలిన్, పియానో కలిసి ఒకే రాగం, చిన్న గొంతుతో, కింద ఏ ఆసరా లేకుండా. శ్రుతి వెంట్రుకంత తేడా ఉన్నా దాక్కోవడానికి చోటు లేదు. చల్లటి వేళ్ళతో, గుండె దడతో, మొదటి స్వరంగా అది వాయించమనడం పిల్లకు అన్యాయం. రెండోదిగా పెడితే ఆ పాటికి చేయి వేడెక్కి ఉంటుంది. పైగా క్రైస్లర్ పీసు కూడా ఇ మైనరే కాబట్టి చెవి ఆ శ్రుతిలో కుదురుకుని ఉంటుంది. 1778లో రాసింది ఇది. ఆ ఏడాదే పారిస్‌లో మోత్సార్ట్ తల్లి పోయింది. రెండే భాగాలు. రెండోదానిలో మధ్యన ఇ మేజర్‌లోకి మారే చోటు ఒకటి ఉంటుంది. గట్టిగా ఏడ్చి ఊరుకున్నాక వచ్చే నెమ్మదిలా ఉంటుంది అది. అక్కడ పాపను చాలా చిన్న గొంతుతో వాయించమనండి, కమాను బరువు తప్ప చేతి బరువు వేయకుండా. రాతి గది ఆ చిన్న స్వరాన్ని చివరి బెంచీ దాకా తీసుకెళ్తుంది. చర్చి ఇచ్చే వరం అదే, హాల్లో దొరకదు.

పెర్త్ పీసు 1978 నాటిది, ఇలాంటి గదికే పుట్టినట్టుంటుంది. పియానో ఒక్కొక్క స్వరం మెల్లగా జారవిడుస్తుంటే వయొలిన్ పొడవాటి స్వరాలతో పైకి, కిందికి వెళ్ళి ప్రతిసారీ ఎ స్వరం దగ్గరికే తిరిగొస్తుంది. చూడ్డానికి తేలిక, నిజానికి చాలా కష్టం. భయంతో ఉన్నప్పుడు పొడవాటి కమాను వణుకుతుంది, ఆ వణుకు ఇలాంటి చోట స్పష్టంగా వినపడుతుంది. అందుకే మూడోది. ఇరవై నిమిషాలు వాయించాక వణుకు పోతుంది.

బార్టోక్ నృత్యాలు ఆరు చిన్న ముక్కలు. ట్రాన్సిల్వేనియా పల్లెల్లో సేకరించిన బాణీలతో 1915లో పియానోకు రాశాడు, వయొలిన్‌కు మార్చింది సెకేయ్ అనే వయొలినిస్టు. మూడోదాంట్లో వయొలిన్ పిల్లనగ్రోవిలా సన్నగా పలుకుతుంది. చివరి రెండూ జోరుగా ఉంటాయి. ఇంట్లో వాయించే వేగంలో పదోవంతు తగ్గించమనండి. జనానికి తగ్గినట్టు అనిపించదు, గది కలిపి ఇస్తుంది.

ఈ ఎంపికలో పాప మనసుకు నచ్చనిది ఉంటే మార్చుకోండి. మార్చకూడనిది ఒక్కటే: మీరు గర్వంగా వినిపించాలనుకున్నది మొదటి ఇరవై నిమిషాల్లోనే ఉండాలి. మధ్యాహ్నం కచేరీకి వచ్చేవాళ్ళలో ఉద్యోగాల మధ్యలో వచ్చేవాళ్ళు ఉంటారు. ఓసారి నేను వాయిస్తుంటే చివరి బెంచీలో ఒకతను కూర్చున్నాడు. రోడ్డు పనివాళ్ళు వేసుకునే పసుపు జాకెట్, హెల్మెట్ మోకాళ్ళ మీద. మోత్సార్ట్ అంతసేపూ కదల్లేదు. 1:35కి, రెండు భాగాల మధ్య, బూట్లు చప్పుడు కాకుండా లేచి తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. అతని విరామం అంతే. అతనికి అందాల్సింది అప్పటికే అందాలి కదా. పాపకు ఇది ముందే చెప్పండి. ఎవరైనా మధ్యలో లేస్తే అది నచ్చక కాదు, టైమై వెళ్తున్నారు.

అసలు ఈ మధ్యాహ్నం కచేరీల అలవాటు ఇక్కడ అంతగా పాతుకుపోవడానికి యుద్ధం ఒక పెద్ద కారణం. 1939లో యుద్ధం మొదలై లండన్‌లో హాళ్ళు మూతపడ్డాయి, రాత్రిళ్ళు దీపాలార్పు. బొమ్మలన్నీ వేరేచోటికి తరలించి ఖాళీగా ఉన్న నేషనల్ గ్యాలరీలో మైరా హెస్ అనే పియానిస్టు ఆ ఏడాది అక్టోబరు 10న మధ్యాహ్నం కచేరీలు మొదలుపెట్టింది. ఒక్క షిల్లింగు టికెట్. ఆఫీసు గుమాస్తాలు, సైనికులు, నర్సులు వరసలో నిలబడ్డారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, 1946 ఏప్రిల్ వరకూ 1,698 కచేరీలు జరిగాయి. బాంబులు పడుతున్నప్పుడు కింది అంతస్తులోకి మార్చుకుని వాయించారు. ఆ గ్యాలరీ పక్కనే, ట్రఫాల్గర్ స్క్వేర్ మూలన సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చి ఉంది, 1726లో కట్టడం పూర్తయింది. అక్కడ మధ్యాహ్నం కచేరీలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. వీలైతే ఈ నెలలోనే పాపను, ఆ పియానో అబ్బాయిని తీసుకెళ్ళి ఒకటి వినిపించండి. ముందు వరసలో పది నిమిషాలు, మధ్యలో ఖాళీ దొరికినప్పుడు వెనక వరసకు మారి మిగతాది. ఒకే వాద్యం రెండు చోట్ల ఎంత వేరుగా పలుకుతుందో వాళ్ళ చెవులకే తెలుస్తుంది. నేను పది పాఠాలు చెప్పినా అంత పని జరగదు.

ఇప్పుడు సాధన గురించి. చర్చివాళ్ళను అడిగి కచేరీకి వారం ముందు కనీసం ఒక గంట అక్కడ వాయించే వీలు తీసుకోండి. చప్పట్టు కొట్టి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. పాప వాయిస్తుండగా మీరు ముందు, మధ్య, చివరి బెంచీల దగ్గర నిలబడి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్ రికార్డింగులో నాణ్యత వెతకొద్దు. స్వరాలు విడివిడిగా వినపడుతున్నాయా, పియానో కింద వయొలిన్ మునిగిపోతోందా, అంతే చూడండి. ఖాళీ చర్చికీ జనం ఉన్న చర్చికీ తేడా ఉంటుంది, మనుషులు, చలికోట్లు మోతను కొంత తాగేస్తాయి. కానీ నాలుగు వందలమంది పట్టే చోట నలభైమంది వస్తే పెద్ద మార్పు ఉండదు. కాబట్టి ఖాళీ గదిలో బాగుండేలా చేసుకోవడమే మేలు.

వయొలిన్‌కు నా సలహా ఒక్క వాక్యం: స్వరం మొదలు స్పష్టంగా పలికించు, దాని తోకను గది చూసుకుంటుంది. కమాను అరిగేలా బలం పెట్టక్కర్లేదు. పియానో అబ్బాయికి మూడు చెప్పండి. ఎడమచేయి తేలిక. పెడల్ సగమే తొక్కాలి, ఇంట్లోకంటే రెట్టింపుసార్లు వదలాలి. మూత విషయానికొస్తే, మోత ఎక్కువని చాలామంది సగం మూసేస్తారు. నేను పూర్తిగా తెరిచే వాయిస్తాను. మూత సగం దించితే స్వరం తగ్గడం అటుంచి మసకబారుతుంది, రాతి గదిలో మనకు కావాల్సింది తేట. వేళ్ళతో తగ్గించుకోవాలి, చెక్కతో కాదు. వయొలిన్ పియానో వంపులో నిలబడాలి, వయొలిన్ మీదున్న రంధ్రాలు జనం వైపు తిరిగి ఉండాలి, కమాను పట్టిన చేయి పియానో అబ్బాయికి కనపడాలి. ఈ మూడూ కుదిరే చోటు దొరికాక నేల మీద చిన్న టేపు ముక్క అతికించుకోండి.

శ్రుతి. ఇక్కడ చాలామంది జారిపోతారు. పియానో చివరిసారి ఎప్పుడు శ్రుతి చేశారో చర్చివాళ్ళను అడగండి, కచేరీ వారంలో చేయిస్తారేమో కూడా అడగండి. పియానో మారదు, వయొలినే దానికి ఒదగాలి. పాప ఎ తీగ పియానోతో కలుపుకుని, మిగతావి తన చెవితో పంచమాలు పట్టి శ్రుతి చేసుకుంటుంది కదా, అలా శుద్ధంగా చేస్తే జి తీగ పియానో జి కంటే చిటికెడు కిందికి దిగుతుంది. ఎందుకంటే పియానో పంచమాలు శుద్ధ పంచమాలకంటే కాస్త ఇరుకు. ఒక్కో మెట్టుకు రెండు సెంట్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరోవంతు ఒక సెంటు), డి దాటి జికి వచ్చేసరికి నాలుగు. హాల్లో పట్టించుకోకపోయినా, స్వరం నిలిచిపోయే గదిలో ఆ తేడా బయటపడుతుంది. అందుకని జి తీగను పియానో జితో నేరుగా సరిచూసుకోమనండి. కర్ణాటక సంగీతం వినే ఇంట్లో పెరిగిన పిల్లల చెవి శుద్ధ పంచమానికి అలవాటుపడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చిన మన పిల్లలకు ఈ సంగతి విడిగా చెప్పాల్సి వచ్చింది, చెప్పగానే పట్టుకున్నారు.

ఫిబ్రవరి చలి తక్కువేం కాదు. కచేరీకి గంటన్నర ముందే చేరుకుని వయొలిన్ పెట్టె తెరిచి పెట్టండి. బయటి చలిలోంచి వేడి గదిలోకి రాగానే తీగలు సడలుతాయి. హీటర్ గాలి పొడిగా ఉంటే బిరడాలు జారతాయి. పెట్టెను రేడియేటర్ మీద మాత్రం పెట్టొద్దు. పిల్లలిద్దరికీ వేళ్ళు తెరిచి ఉండే చేతి తొడుగులు, ఒక వేడినీళ్ళ సంచి తీసుకెళ్ళండి. నేను ఇప్పటికీ వెస్ట్రీలో (చర్చివాళ్ళ పక్క గదిలో) కూర్చుని వేడినీళ్ళ సంచి మీద చేతులు పెట్టుకునే ఉంటాను, పిలుపు వచ్చేదాకా.

వెలుతురు కూడా అడగండి. శీతాకాలం చర్చిలో మబ్బు పట్టిందంటే నోట్సు కనపడవు. ఫ్రాంక్ సొనాటా మొదటిసారి వినిపించింది 1886 డిసెంబరు 16న, బ్రస్సెల్స్‌లో ఒక చిత్రశాలలో. దీపం వెలిగించడానికి అక్కడ అనుమతి లేదు, సాయంత్రం చీకటి పడిపోయింది. ఇసాయీ, పియానో వాయించిన లియోంతీన్ బోర్ద్-పెన్ మిగిలిన భాగాలు చీకట్లోనే, నోట్సు లేకుండా వాయించారట. పిల్లలకు ఆ పరీక్ష పెట్టక్కర్లేదు. స్టాండుకు తగిలించే చిన్న బ్యాటరీ దీపాలు రెండు కొనండి. కాగితం నోట్సు అయితే బట్టల క్లిప్పులు కూడా, ఎందుకంటే తలుపు తెరిచినప్పుడల్లా గాలి కొడుతుంది. పియానో పక్కన పేజీ తిప్పడానికి నోట్సు చదవగలిగిన మనిషి ఉండాలి. మీరు చదవలేకపోతే ఆ పని తీసుకోవద్దు. పిల్లవాడు తల ఊపితే తిప్పుతాలే అనుకుంటారు, ఆ ఊపు ఏదో తెలియదు.

లంగావోణీ సంగతి. వేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు, ముచ్చటపడతారు. కానీ ఒక్కటి ఆలోచించండి: వోణీ పడేది ఎడమ భుజం మీద, వయొలిన్ కూర్చునేదీ అక్కడే. పట్టు మీద భుజం రెస్ట్ (వయొలిన్ కింద తగిలించే ఆసరా) జారుతుంది, జరీ వయొలిన్ వెనక పాలిష్‌ను గీకుతుంది, కొంగు కమానుకు చుట్టుకుంటుంది. మీ అత్తగారికి నచ్చజెప్పి, పట్టు పావడా మీద పొడవు చేతుల నూలు జాకెట్టు తరహాది కుట్టించండి, వోణీ లేకుండా. లేదా వోణీని నడుముకు బిగించి కుట్టేయండి, భుజం మీదికి రాకుండా. పావడా అంచు చీలమండలకు రెండు వేళ్ళు పైన ఉండాలి. పాత చర్చిల నేలలో వేడిగాలి వచ్చే ఇనుప జల్లెడలు ఉంటాయి, సన్నటి మడమల చెప్పులు అందులో ఇరుక్కుంటాయి. బల్లపరుపు బూట్లు వేయండి. ఏ బట్టలైనా సరే, కచేరీకి ముందు వారమంతా వాటిలోనే సాధన చేయాలి.

మీ అత్తగారికి చెప్పాల్సింది: ఇది ప్రార్థన కాదు, కచేరీ. మోకరించక్కర్లేదు, ఏమీ పలకక్కర్లేదు. మన ఊళ్ళలో చాలా చర్చిల బయట చెప్పులు విడుస్తాం, ఆడవాళ్ళం కొంగు తల మీద వేసుకుంటాం. ఇక్కడ రెండూ అక్కర్లేదు. చెప్పులు విడిస్తే ఆ నేల చలికి పాదాలు కొయ్యబారతాయి. ఆవిడ తనంతట తాను దణ్ణం పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోవచ్చు, ఎవరూ అభ్యంతరపెట్టరు. బెంచీలు గట్టి చెక్కవి, ఒక దిండు, మంచి శాలువా, ఉన్ని మేజోళ్ళు. పాత చర్చిల్లో కొన్నిటికి బాత్రూమ్ ఉండదు. అది ముందే కనుక్కోండి, పెద్దవాళ్ళకు ముఖ్యం. తిండి లోపల తినొచ్చా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, బయట తినేసి రావడం మేలు.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలన్నది కొత్తవాళ్ళందరికీ ఉండే బెంగ. సొనాటాలో భాగాల మధ్య ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటారు. పాప కమాను గాల్లోనే ఉందంటే ఇంకా అవలేదు. కమాను, భుజాలు రెండూ దించి, జనాన్ని చూసి నవ్విందంటే అయింది. పెర్త్ పీసు తర్వాత చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా పాపను కమాను అలాగే పట్టుకుని నాలుగు లెక్కపెట్టమనండి. ఆ నాలుగు అంకెలసేపు చర్చిలో ఎవరూ ఊపిరి పీల్చరు. మన సభల్లో అయితే బాగున్న చోటల్లా శభాష్ అంటాం, తల ఊపుతాం. ఇక్కడ ఆ మెప్పంతా ఈ నిశ్శబ్దంలోనే ఉంటుందని మీ అత్తగారికి చెప్పి ఉంచండి. మనవరాలు వాయిస్తుంటే ఎవరూ మెచ్చుకోవట్లేదని ఆవిడ నొచ్చుకోకుండా ఉంటారు. ఒకవేళ ఆవిడ భాగాల మధ్య చప్పట్లు కొట్టినా ఏమీ కాదు. పాప చిన్నగా నవ్వి, కమాను ఎత్తి, ముందుకు వెళ్ళాలి.

పాప మాట్లాడాలి కూడా. పరిచయం అంటే పీసు పేరు, రాసినవాళ్ళు, ఒక్క సంగతి. మూడు వాక్యాలు చాలు. ప్రతి వాక్యం తర్వాత ఆగాలి, స్వరానికున్న మోత మాటకూ ఉంటుంది. మైకు ఇచ్చినా ఇంతే.

చివరగా చర్చివాళ్ళకు ఇప్పుడే రాయాల్సినవి: వాయించే పీసులు, రాసినవాళ్ళ పేర్లు, నిమిషాలు. కాపీరైట్ లెక్కలకు వాళ్ళకు అవి కావాలి. ఇక్కడ రచయిత పోయాక డెబ్బై ఏళ్ళ దాకా హక్కులుంటాయి, పెర్త్, క్రైస్లర్ ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు. రికార్డింగ్ గానీ లైవ్ గానీ పెడతారా, పెడితే ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల ఒప్పుదల తీసుకుంటారా. తలుపు దగ్గర కానుకల బుట్ట పెడతారు, అది ఎవరికి వెళ్తుంది. ఎక్కువచోట్ల చర్చికే, లేదా కచేరీల ఖర్చుకే. అందులో తప్పేమీ లేదు, కానీ పియానో అబ్బాయికి దారి ఖర్చులు ఎవరిస్తారో ముందే తెలిస్తే మంచిది. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు అక్కడ ఇంకేమైనా ఉందా, పన్నెండుకు ప్రార్థన ఏమైనా ఉందా. ఉంటే మీ గంటన్నర ఎక్కడ గడపాలో చూసుకోవాలి. గడియారం గంట ఒంటిగంటకు మోగుతుందా. మోగితే అది ఆగాకే మొదలుపెట్టాలి.

మీరు చర్చికి వెళ్ళి చప్పట్టు కొట్టాక ఎన్ని అంకెలు వచ్చాయో ఇక్కడ రాయండి, వెనక బెంచీ నుంచి తీసిన రికార్డింగులో బార్టోక్ చివరి రెండు ముక్కలు ఎలా వినపడ్డాయో కూడా. దాన్ని బట్టి వేగం ఎంత ఉండాలో, పెడల్ ఎక్కడెక్కడ వదలాలో బారు బారుకూ రాసి పెడతాను.